ఏడవని పిల్ల

భూదేవి చేతుల్లో పడ్డాక కూడా ఏడుపు ఆపని పసిగుడ్డు లాలాపేటలో ఇంతవరకు పుట్టలేదు. ఇది ఆవిడ సొంత డబ్బా కాదు, గల్లీ అంతా ఒప్పుకున్న మాట. పొద్దంతా యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సులో చపాతీలు కాల్చి, తార్నాక మీదుగా నడిచి ఇల్లు చేరేసరికి, ఎవరో ఒక తల్లి గుక్కపట్టిన బిడ్డను చంకనేసుకుని వాకిట్లో నిలబడి ఉండేది. భూదేవి కాళ్లు కడుక్కుని, బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసుకుని వీపు నిమిరేది. కాసేపట్లో ఆ గుక్క కాస్తా గురకయ్యేది. డాక్టర్లంటే ఆవిడకు చిన్నచూపేమీ లేదు. పసిపిల్లల సంగతిలో మాత్రం తనకు తెలియంది వాళ్లకేం తెలుసులే అని లోపల ఒక ధీమా. ఆ ధీమాయే కొంప ముంచింది.

కొడుకు కమలాకర్ యూనివర్సిటీ లైబ్రరీలో కాంట్రాక్టు ఉద్యోగి. కోడలు వనజకు తల్లి లేదు కాబట్టి తొలికాన్పు అత్తగారి దగ్గరే, ఇంటికి దగ్గర్లోని చిన్న నర్సింగ్‌హోంలో జరిగింది. ఆడపిల్ల. రెండో రోజు సాయంత్రానికే భూదేవి బట్టల సంచి సర్దేసింది.

"రేపు పొద్దుగాల పాప మడిమకెల్లి రక్తం చుక్క తీస్తం అమ్మా, థైరాయిడ్ టెస్టుకు. అది అయినంక పోండ్రి" అన్నది నర్సు.

"రేపు అమాస. అమాస నాడు బాలింతను, పసిగుడ్డును బయటికి తీస్తరా ఎవరన్న? గియ్యాలనే పోతం."

"సరే, వారంలోపల తీస్కరండి. మర్చిపోవద్దు" అని నర్సు గేటు దాకా వచ్చి మరోసారి చెప్పింది.

ఇంటికొచ్చాక పురుడు. ఇరవై ఒకటో రోజు దాకా బిడ్డ గడప దాటకూడదన్నది భూదేవి చట్టం. ఆ ఇంట్లో దాని మీద అప్పీలు లేదు. "అత్తమ్మా, నర్సు ఏదో టెస్టు అన్నది గదా" అని వనజ మెల్లగా గుర్తుచేస్తే, "థైరాయిడ్ పెద్దోళ్లకొస్తది గని, ముక్కుపచ్చలారని పిల్లకెందుకొస్తదే? ఉత్తగ సూదులు పొడిపిస్తవా?" అంది. ఇరవై ఒకటో రోజు వచ్చింది, తొట్టెల వేశారు, హరిచందన అని పేరు పెట్టారు, వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లారు. పరీక్ష మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. వాయిదా వేసిన పని కొన్నాళ్లకు అయిపోయిన పనిలాగే కనిపిస్తుంది.

ఇక ఆ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో! ఏడవదు. వేస్తే వేసినచోటే నిద్ర. రాత్రిళ్లు తల్లినీ తండ్రినీ హాయిగా పడుకోనిస్తుంది. ఎప్పుడైనా కాస్త గొంతు విప్పినా అది జలుబు చేసినట్టు బొంగురుగా వచ్చి ఆగిపోయేది. గల్లీలో ఆడవాళ్లు కుళ్లుకున్నారు. "నాయనమ్మను అడిగి పుట్టింది" అని భూదేవి మురిసిపోయింది. కళ్లలో పసుపు వారాలైనా పోకపోతే పొద్దుటెండలో పడుకోబెట్టింది. నాలుగైదు రోజులకోసారి గాని దొడ్డికి పోకపోతే వాము నీళ్లు పట్టింది. బొడ్డు ఉబ్బితే అదే తగ్గుతుందంది. అన్నిటికీ ఆవిడ దగ్గర ఏదో ఒక జవాబు ఉండేది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ పిల్ల అడిగేదే కాదు. పాలివ్వాలంటే వనజ పాదాలు గీరి గీరి నిద్ర లేపాల్సి వచ్చేది.

నాలుగో నెల దాటాక ఒకరోజు వనజ పిల్లను తీసుకుని మెస్సుకు వచ్చింది. హాస్టల్ అమ్మాయిలు చుట్టూ చేరారు. వాళ్లలో కౌముది అని కాకినాడ పిల్ల, పీహెచ్‌డీ చేస్తోంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుని, కాఫీ కోసం గంట ఆగేది. "మాత్ర మింగి కాఫీకి మొహం వాచిపోయే పిల్ల" అని భూదేవి ఆమెను రోజూ ఆటపట్టించేది. కౌముది పిల్లను ఒళ్లోకి తీసుకుంది. ఆమె మొహంలో నవ్వు చెరిగిపోయింది.

"భూదేవమ్మగారూ, ఇంత ఎండల్లో పాప ఒళ్లు ఇలా చల్లగా ఉందేంటండీ? నాలుక కూడా బయటికే ఉంటోంది. నాకు జబ్బని తెలియకముందు నేనూ ఇలాగే, ఎప్పుడూ చలి, ఎప్పుడూ నిద్ర. పుట్టినప్పుడు థైరాయిడ్ టెస్ట్ చేయించారు కదా?"

భూదేవి సూది పొడవని ఆ చిన్న మడిమను పట్టుకుని చూసింది.

మర్నాడే తార్నాకలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లారు. రక్తం తీశారు. రిపోర్టు చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. పాప గొంతులోని థైరాయిడ్ గ్రంథి పుట్టుక నుంచే సరిగా పనిచేయడం లేదు. మందుంది, రోజుకో చిన్న మాత్ర, మానకుండా వేయాలి. ఒంటి ఎదుగుదల పుంజుకుంటుంది. "మెదడు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేనమ్మా. ఇన్ని నెలలు దానికి అందాల్సింది అందలేదు."

"అప్పుడే, మూడో దినమే తీపిస్తే మేడం?" అన్నాడు కమలాకర్.

"మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే చాలామంది పిల్లలు అందరిలాగే పెరుగుతారు" అంది డాక్టరు.

ఇంటికి చేరాక కొడుకు తిడతాడని భూదేవి ఎదురుచూసింది. తిట్టలేదు. మర్నాడూ తిట్టలేదు. వనజ ఎప్పటిలాగే "అత్తమ్మా, అన్నం తిందువు రా" అని పిలిచింది. ఒక్క మాట అన్నా బాగుండేది, నాలుగు మాటలు పడి ఓ మూల కూర్చుని ఏడ్చేది. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఆ ఏడుపు లోపలే ఉండిపోయింది.

మాత్రను చెంచాలో నలిపి, చుక్క చనుబాలతో కలిపి వనజ రోజూ పట్టేది. కొన్ని వారాలకు పిల్ల కళ్లు తెరిచి చూడసాగింది. ఒళ్లు వెచ్చబడింది. ఆకలేస్తే గట్టిగానే ఏడ్చింది. కానీ పక్కింటి పిల్ల కూర్చునే వేళకు దీనికింకా మెడ సరిగా నిలబడలేదు. భూదేవి దాని చెవి దగ్గర చప్పట్లు కొట్టేది, గిలక ఆడించేది, తల తిప్పిందా లేదా అని చూసేది. ఒకరోజు తిప్పేది, ఒకరోజు తిప్పేది కాదు. ఎప్పుడు వెళ్లినా డాక్టరు ఒకటే మాట, నడకా మాటా వచ్చేదాకా చూద్దామని. గల్లీలో ఎవరికి పురుడొచ్చినా భూదేవి వెళ్లి, "మడిమ రక్తం తీపిచ్చిన్రా? అమాస గిమాస అని ఆగకుండ్రి" అని చెప్పి వచ్చేది. అందరి బిడ్డలకూ ఆ చుక్క రక్తం తీయించగలిగింది. తన మనవరాలి మూడో రోజును మాత్రం ఎక్కడి నుంచి తేగలదు?

దసరా వెళ్లాక ఒక సాయంత్రం మెస్సు నుంచి వచ్చేసరికి పిల్ల కమలాకర్ ఒళ్లో ఉంది. గుమ్మంలో ఆవిడను చూసింది. చూసి, రెండు చేతులూ చాపింది.

"చూసినవా అత్తమ్మా" అంది వనజ. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. "ఇన్ని దినాల్ల మా ఇద్దర్ల ఎవ్వరిదిక్కు గిట్ల చేతులు సాపలే. ముందుగాల నిన్నే అడుగుతున్నది."

భూదేవి కదల్లేదు. చేతులు లేవలేదు.

"ఎత్తుకో అమ్మా" అన్నాడు కమలాకర్.

"దానికేం తెల్వదురా" అంది భూదేవి. "నేనేం చేసిన్నో దానికి తెల్వదు."

పిల్ల చేతులు చాచే ఉంచింది.