ఉండలు కట్టిన క్రంబుల్

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి ఆంటీ చేతిలో పిండి పడితే చాలు, ఉండ అయిపోయేది. మాట్లాడుతూనే, నవ్వుతూనే, చేతివంక చూడకుండానే చుట్టేసేది.

ఒక ఆగస్టులో ఎదురింటి అమెరికన్ తాత ఉత్తరాన అడవిలో తానే కోసిన బ్లూబెర్రీలు చిన్న బకెట్‌లో పట్టుకొచ్చాడు. శనగగింజంత పళ్ళు, నోట్లో వేసుకుంటే పులుపూ తీపీ ఒకేసారి! చనిపోయిన భార్య రాసిపెట్టుకున్న, క్రంబుల్ అనే పళ్ళ తీపివంటకం రెసిపీ కార్డు కూడా ఇచ్చి, "నాకు రాదు, మీరు చేసిపెడతారా?" అని అడిగాడు. ఆంటీ ఎగిరి గంతేసినంత పని చేసి, నన్ను సాయానికి పిలిచింది.

నేను కార్డు చదువుతుంటే ఆవిడ పిండి, వెన్న, పంచదార వేళ్ళతో నలిపింది. ఆ మిశ్రమాన్ని పళ్ళ మీద పొడిపొడిగా చల్లాలి, అంతే. నేను తలెత్తి చూసేసరికి పళ్ళ మీద వరసగా సున్నుండల్లాంటి ఉండలు!

"ఆంటీ! చల్లమని కదా రాసింది!"

"అయ్యో, నా చెయ్యి ఊరుకోలేదే!"

నేను చిదపబోతే, "ఉండనీ, ఎలా వస్తుందో చూద్దాం!" అంటూ ట్రేని ఓవెన్‌లోకి తోసేసింది. ఇద్దరం నేల మీద చతికిలబడి అద్దంలోంచి చూశాం. ఊదారంగు రసం ఉండల చుట్టూ కుతకుతలాడుతుంటే ఆవిడ చప్పట్లు కొట్టింది.

ట్రే తీసుకెళ్ళి తాత ముందు పెట్టాం. ఒక ఉండ తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. తర్వాత పెన్ను అడిగి తీసుకుని, కార్డు మీద భార్య రాత కింద ఒక్క లైను రాశాడు.

"చల్లొద్దు. ఉండలు చుట్టాలి."