అధ్యక్షుడి జరీ శాలువా

సూరత్‌లోని మా తెలుగు గ్రంథాలయానికి ఒక అధ్యక్షుడుండేవాడు. పుస్తకాలకు చెదలు పట్టినా కన్నెత్తి చూడని ఆ మహానుభావుడి ప్రాణమంతా ఒకే ఒక్క జరీ శాలువాలో ఉండేది. ప్రతి వార్షికోత్సవంలోనూ ఎవరినో ఒకరిని పిలిచి దాన్ని కప్పేవాడు. ఫోటో అవగానే వాళ్ల భుజాల మీంచి లాగి, మడతపెట్టి, సంచిలో కుక్కుకునేవాడు. "గ్రంథాలయం ఆస్తి కదండీ" అని పైగా ఒక ఇకిలింపు.

కరోనా రెండో ఏడాది ఊళ్లోని కోసాడ్ బస్తీ నుంచి ఒకామెను పిలిచాడు. మరమగ్గం కార్మికుడి భార్య, ఆస్పత్రిలో ఆయా. సేవాభావం గురించి అరగంట ఊదరగొట్టాడు కానీ, ఆమెకు కుర్చీ వేయించాలని తోచలేదు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. శాలువా కప్పాడు, ఫోటో అయింది. వెంటనే ఆయన చెయ్యి శాలువా అంచు మీదికి పోయింది.

"జర ఆగుర్రి సారూ. కరోనా వార్డుల డ్యూటీ దిగి సీదా ఈడికే వచ్చిన. ముట్టుకుంటరా?" అందామె.

ఇంట్లో తలస్నానం చేసి వచ్చిందని ఆమె తడి జుట్టు చెబుతూనే ఉంది. ఆయన అది చూస్తేగా! వెనక్కి దూకి, "నువ్వే ఉంచుకో తల్లీ!" అంటూ చేతులనిండా శానిటైజర్ కుమ్మరించుకున్నాడు.

ఆమె శాలువా సర్దుకుని వేదిక మెట్లు దిగుతుంటే హాలంతా చప్పట్లు మోగాయి. అవి తనకేననుకుని ఆయన నమస్కారం పెట్టాడు.