అందరం ఆమెన్ అన్న మార్పులు

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. ఆరాధన ముగిశాక ఎవరైనా లేచి మనవి చెప్పుకుంటే మిగతా వాళ్ళం ఆమెన్ అంటాం. జ్వరాలకు, చదువులకు, పెళ్ళిళ్ళకు అన్నట్టే, కొత్త మందిరం కడుతున్నప్పుడు ప్లానులో మార్పులకు కూడా అన్నాం.

అంతకుముందు చాలా ఏళ్ళు, కరీంనగర్ దగ్గరి మా చిన్న పట్నంలో, ఒక నేత కుటుంబం ఇంట్లోనే ఆరాధన జరిగేది. ఆదివారం మరమగ్గాలు ఆపి, ఆ ఇంటి అక్క చాపలు పరిచేది. తర్వాత ఆమె కాళ్ళు పడిపోయాయి. చక్రాల కుర్చీయే దిక్కయింది. అందుకే కొత్త మందిరం ప్లానులో గుమ్మం ముందు మెట్లకు బదులు ర్యాంపు గీయించాం.

వానలు మొదలయ్యాక ఒక సహోదరుడు లేచి, రోడ్డు నీళ్ళు లోపలికి వస్తాయి, బేస్‌మెంట్ ఎత్తు పెంచుదామన్నాడు. ఆమెన్ అన్నాం. బాప్తిస్మాలకు గోదావరి దాకా పోవడం ముసలివాళ్ళకు కష్టంగా ఉంది, ముందు జాగాలో తొట్టి కట్టిద్దామన్నారు ఇంకొకరు. దానికీ అన్నాం. వేదిక పెద్దది కావాలన్నారు పాటలు పాడే పిల్లలు. అందుకు హాలు పొడవు పెంచితే గుమ్మం రోడ్డు వైపు జరిగింది. ఒక్కటీ చెడ్డ కోరిక కాదు. దేవుని పని కోసం అడిగినదాన్ని కాదనడం మాలో ఎవరికీ రాదు.

ఒకరోజు మేస్త్రి టేపు చుట్టుకుంటూ అడిగాడు: "బేస్‌మెంట్ ఎత్తయింది, ముందట జాగ లేదు. ర్యాంపు ఏడ వెట్టాలె సారూ? మీరు అన్నిటికి ఆమెన్ అంటిరి. నేను ఏది కట్టాలె, ఏది ఇడ్వాలె?"

సంఘ పెద్దలం కూర్చున్నాం. కట్టిన గోడ పడగొట్టడానికి మనసు రాలేదు. మెట్లే కట్టిద్దాం, నలుగురం కుర్చీతో సహా ఆమెను ఎత్తుకుపోదాం, అదీ పరిచర్యే అనుకున్నాం. ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు.

ప్రతిష్ఠ రోజు మేం కుర్చీ పట్టుకోబోతే ఆమె చక్రాల మీద చేతులు వేసింది.

"వద్దు తమ్మీ. గింతమందిల నన్ను మూట లెక్క లేపకుండ్రి. దేవుని తానికి నా అంతట నేనే పోవాల్నని ఉండె."

ఆమె భర్త కుర్చీ తిప్పుకుని ఇంటికి తీసుకుపోయాడు. లోపల అప్పటికే పాట మొదలైంది.

తర్వాత పక్క గోడకు తలుపు పెట్టి, అటునుంచి ర్యాంపు కట్టిద్దామని లేచి అడిగాను. అందరూ ఒప్పుకున్నారు. వరికోతలు అయ్యాక కూలీలు దొరుకుతారన్నాడు మేస్త్రి. కోతలు అయ్యేలోపే ఆమెను ప్రభువు పిలుచుకున్నాడు.

పెట్టెను భుజాల మీద మోసి మెట్లెక్కించాం. భర్త ఎక్కలేదు. పాస్టరయ్య దిగివచ్చి చేయి పట్టుకుంటే, "లేపద్దన్నది గదయ్యా," అన్నాడు.

పునరుత్థాన దినాన ఆమె తన కాళ్ళ మీద లేచి నడుస్తుందని నేను పూర్తిగా నమ్ముతాను. ఆ మాట చెబుదామని ఆయన పక్కకు వెళ్ళి, ఆయనతో పాటు మెట్ల కిందే నిలబడ్డాను.