చప్పిడి పథ్యం

మా మరిడమ్మక్క మొగుడు గంగులు చేపల వేటలో మొనగాడు. ఏటా భావనపాడు నుంచి గుజరాత్ బోట్ల మీదకు వెళ్లి, వేసవికి తిరిగొచ్చేవాడు. 2015లో వచ్చినప్పుడు మాత్రం ఒంటి మీద చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది. విడవని జ్వరం, విరేచనాలు, నోట్లో తెల్లటి పూత.

మా ఊళ్లో మనిషి చిక్కితే రోగం ఒక్కటే, పసిరికలు. కామెర్లన్నమాట. మందు నాటువైద్యుడు ఎర్రన్న నూరిచ్చే ఆకుపసరు, పథ్యం ఉప్పులేని గంజి. బావ ఇంకా చిక్కిపోతుంటే "పథ్యం పని సేస్తన్నాది" అన్నారు. మావాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది!

"బావా, పెద్దాసుపత్రిలో రక్తం పరీక్ష సేయించుకో" అని పోరుపెట్టాను.

"ఏటిరా, బోటెక్కినోడల్లా ఆ రోగమోడేనేటి?" అని కసిరాడు.

మాట పడిపోయాక మంచంతో సహా ఆటోలో శ్రీకాకుళం తీసుకెళ్లాం. రక్తం చూసి, "హెచ్‌ఐవీ" అంది డాక్టరమ్మ. "జ్వరం మొదలైనప్పుడే వచ్చుంటే రోజూ మాత్రలేసుకుని వేటకెళ్లేవాడు. ఇప్పుడు మెదడుకెక్కింది. మీ అక్కకైనా వెంటనే పరీక్ష చేయించండి."

ఆ వారంలోనే బావ పోయాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఊరికి మాత్రం పసిరికలు ముదిరి పోయాడనే చెప్పుకున్నాం.

అక్క ఎండుచేపలమ్ముకుని బతుకుతోంది. పరీక్షకు రమ్మని ఎంత బతిమాలినా ఒకటే మాట.

"నాను రక్తమిచ్చినానంటే మీ బావ దేంతో పోనాడో ఊరందరికీ తెలిసిపోద్ది. సచ్చినోడి పరువు తియ్యమంటావేటి?"

"పరువేటి, కూడెడతాదా? ఇప్పుడైతే మాత్రలతో బతుకుతావక్కా!"

నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. గోడవతల ఎవరైనా వింటారని భయం.

మళ్లీ వేసవి వచ్చేసరికి అక్క రవిక భుజం మీంచి జారుతోంది. జ్వరమంటోంది. నిన్న వెళ్లేసరికి ఎండలో కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తోంది. చేతుల నిండా ఉప్పే. మాట్లాడుతుంటే నోట్లో తెల్లటి పూత కనిపించింది.

"ఏటి తిన్నావక్కా?"

"గంజి తాగినాను."

"ఉప్పేసుకున్నావేటి?"

"పసిరికలకి ఉప్పు కూడదు కదరా" అంది, నా మొహంలోకి చూడకుండా.