జల్సా తక్కువైన కూర

నా చిన్నప్పుడు, చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దాకా బారులు తీరే రోజుల్లో, బోధన్‌లో మా ఇంటి ముందు గదిలోకి జర్మనీ దేశపు అమ్మాయి కిరాయికి వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయేమో. తన దేశంలో కాలేజీలో భాషలు చదువుతోందట. ఏడాదిపాటు మా ఆడపిల్లల బడిలో ఇంగ్లీషూ కుట్టుపనీ చెబుతూ, తెలుగు నేర్చుకుని పోదామని వచ్చింది. వాడకట్టంతా ఆమెను దొరసాని అనేది. నేను ఐదో తరగతి. ఆమె క్లాసులో మొదటి బల్ల నాదే.

ఆమెది పుస్తకంలోంచి నేర్చిన తెలుగు. మొదటి రోజే చేతులు జోడించి, "పిల్లలారా, దయచేసి బల్లి మీద కూర్చుండుడి" అంది. బల్ల అనబోయి బల్లి అంది, అంతే. నేను ఊరుకోవచ్చు కదా. పరికిణీ ఎత్తిపట్టుకుని బల్ల కిందా మీదా బల్లిని వెతికాను. క్లాసంతా విరగబడి నవ్వింది. సాయంత్రానికల్లా ఆమెకు బల్లి టీచరమ్మ అని పేరు పడింది. పెట్టింది నేనే. ఇక ఆమె నోరు తెరిస్తే చాలు, ఏదో ఒక మూల నుంచి ఆ పేరు వినబడేది. వారం తిరిగేసరికి ఆమె తెలుగు మానేసింది. ఆ తర్వాత ఇంగ్లీషు కూడా మానేసింది. నల్లబల్ల మీద రాసేది, తుడిచేది, గంట కొడితే వెళ్లిపోయేది.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చునేది. ఏడ్చేది కాదు. ఏడిస్తే కనీసం మాకు తెలిసేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఒళ్లో పుస్తకం తెరిచి ఉండేది కానీ పేజీ తిరిగేది కాదు. బడి పెద్ద టీచరమ్మ మా బాపుతో, నోరు తెరవని టీచరు తనకెందుకనీ, నెలాఖరు దాకా చూసి వెనక్కి పంపేస్తాననీ చెప్పింది. నెలాఖరుకు పన్నెండు రోజులున్నాయి.

ఆ రాత్రి బల్లి సంగతి నేను ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. మా అవ్వ నవ్వుతుందనుకున్నాను. ఆమె "గట్లనా" అని, చాటలో బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. తిట్టనూ లేదు.

మర్నాటి నుంచి అవ్వకు కొత్త పిచ్చి పట్టుకుంది. సాయంత్రం కాగానే వంటింట్లోంచి ఏదో ఒకటి పట్టుకుని దొరసాని గుమ్మంలో చతికిలబడి, "మీ దిక్కు దీన్నేమంటరు బిడ్డా" అని అడిగేది. ఒక రోజు గుప్పిట్లో ఉప్పు చూపించింది. దొరసాని చాలాసేపటికి, వినీ వినపడనట్టు, "జాల్ట్స్" అంది. అవ్వ రెండుసార్లు నోట్లో నమిలి, "జల్సా" అంది. అంతే, మా ఇంట్లో ఉప్పు పోయి జల్సా వచ్చింది. కూరలో జల్సా తక్కువైందనేది. పచ్చట్లో జల్సా ఎక్కువేశావని మా అమ్మ మీద విసుక్కునేది. ముసలితనాన అవ్వకు మతి తప్పిందని నేను నిజంగానే భయపడ్డాను.

ఆదివారం పొద్దున వాడలోకి ఉప్పు బండి వచ్చింది. ఆడవాళ్లందరూ గిన్నెలతో నిలబడ్డారు. అవ్వ అందరినీ తోసుకుని ముందుకెళ్లి, "రెండు శేర్ల జల్సా పొయ్యి" అంది.

బండివాడు తూకం రాయి చేత్తో పట్టుకుని అట్లాగే చూశాడు. "నా తాన ఉప్పే ఉన్నదవ్వా. జల్సా గావాల్నంటె టాకీసుకు పోవాలె" అన్నాడు. వాడకట్టంతా గొల్లున నవ్వింది. మేము ఖాలా అని పిలిచే పక్కింటామె కొంగు నోట్లో కుక్కుకుంది. నా బడి స్నేహితురాళ్లు అవ్వ వెనకాలే చేరి జల్సా అవ్వ, జల్సా అవ్వ అని గంతులేశారు. అవ్వ గిన్నె పట్టుకుని నిలబడి ఇంకోసారి, ఇంకోసారి అదే మాట అడిగింది. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది.

అప్పుడు ముందు గది తలుపు తెరుచుకుంది. దొరసాని వట్టి కాళ్లతో వీధిలోకి వచ్చి అవ్వ పక్కన నిలబడింది. ముఖం ఎర్రబడి ఉంది. "నవ్వద్దు. అవ్వ నేర్సుకుంటున్నది" అంది.

అచ్చం మా ఇంటి మాట. పుస్తకంలో లేని మాట. ఇన్నాళ్లూ ఆ తలుపు వెనక కూర్చుని మమ్మల్ని వింటూనే ఉందన్నమాట. నవ్వు ఆగిపోయింది. ఎవరూ ఆమెను బల్లి అనలేదు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు అని కూడా చెప్పలేను. మఠం వేసుకుని చాలాసేపు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుందే, లోపలంతా అట్లా ఉండిపోయింది. మధ్యాహ్నం అన్నం ఎట్లా తిన్నానో గుర్తు లేదు.

సాయంత్రం అవ్వ దగ్గరికి పోయి, అంత చిన్న మాటకు నీ నోరు తిరగదా అని అడిగాను. అవ్వ చాట పక్కన పెట్టి, "జాల్ట్స్" అంది. ఆ పిల్ల అన్నట్టే, ఏ వంకరా లేకుండా.

"నా నోటికేమైందే. ఆ పిల్లకంటె ఎక్కువ తప్పులు మాట్లాడెటోళ్లు ఒకలన్న ఉండాలెగద" అంది. మళ్లీ చాట ముందుకు లాక్కుంది. బల్లి ఊసే ఎత్తలేదు. ఎత్తి నాలుగు తగిలించి ఉంటే నాకు ఎంతో తేలికయ్యేది.

దొరసాని ఏడాదీ ఉంది. మర్నాటి నుంచే క్లాసులో మాట్లాడింది, తప్పులతోనే మాట్లాడింది. వెళ్లేనాటికి ఖాలాతో పోట్లాడేంత తెలుగు వచ్చింది. నాతోనూ బాగానే ఉండేది. ఆ పేరు పెట్టింది నేనని ఆమెకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. నేను చెప్పలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఎవరో నోరు తిరగక తడబడుతుంటే నలుగురు నవ్వేచోట, నవ్వద్దు, నేర్చుకుంటున్నారు అనే మాట నా నోటికి దానంతటదే వస్తుంది. పెద్దమనసు అంటారు విన్నవాళ్లు. నాకు మాత్రం అది ఆలస్యంగా అంటున్న మాటలాగే ఉంటుంది. ఊరు కాని ఊళ్లో, భాష కాని భాషలో ఒక పిల్ల ఒంటరిగా నిలబడిన రోజున, ఆ మాట అనడానికి అందరికంటే దగ్గరగా కూర్చున్నది నేనే.