గోరంత నంబరు ప్లేటు

మోయిజ్‌ది పిరికి గుండె అని మణుగూరు రోడ్డు మీద షెడ్లు నడిపేవాళ్లందరికీ తెలుసు. టైరు పేలితే పంక్చర్ షాపువాడు తలెత్తి చూస్తాడు, మోయిజ్ మాత్రం కారు చాటుకు పోతాడు. ఖాకీ చొక్కా వేసుకున్నవాడు ఎవడు ఎదురుగా ఆగినా, అది ఆటో డ్రైవరే అయినా సరే, ఆయన చేతిలోని స్ప్రే గన్ ఆగిపోతుంది. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా ఇంతే. అదే మనిషి చేసిన చిన్న బండ్లు చూస్తే మాత్రం, ఇంత నిబ్బరమైన చేయి ఈ పిరికివాడిదేనా అని ఎవరికైనా అనుమానం వస్తుంది.

పగలు షెడ్డులో అసలు కార్లకు డెంటింగ్, పెయింటింగ్. సాయంత్రం ఇంట్లో చిన్న బండ్లు. లాక్‌డౌన్‌లో షెడ్డు మూసుకుని కూర్చున్నప్పుడు కూతురు మెహర్ కోసం నూనె డబ్బా రేకుతో భద్రాచలం బస్సు ఒకటి చేసిచ్చాడు. అప్పుడు పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు. రెండడుగులకు ఒక అంగుళం లెక్క. ఇప్పటికి ముప్పై ఒక్కటి చేశాడు. బొగ్గు టిప్పరు, అటవీ శాఖ జీపు, వెదురు లారీ, అన్నీ తన షెడ్డు ముందు నుంచి పోయేవే. టైర్లకు హవాయి చెప్పుల రబ్బరు, హెడ్‌లైట్లకు సగానికి కోసిన గాజు పూసలు. అసలు బండికి ఎక్కడ సొట్ట ఉంటే చిన్నదానికీ అక్కడే సొట్ట, ఎక్కడ తుప్పు ఉంటే అక్కడే తుప్పు. "కొత్త బండి ఎవడైనా చేస్తడు. వాడిన బండి చేసుడే అసలు పని" అంటాడు.

ఆయనకు రెండు అలవాట్లున్నాయి. మొదటిది నోటుబుక్కు. ఒక్కసారి చూస్తే సొట్టలు, రంగులు గుర్తుండవు కదా, అందుకని ఏ బండి ఏ రోజు ఎన్నింటికి పోయింది, మళ్లీ ఎప్పుడు వచ్చే వీలుంది, దాని మీద మచ్చలేమిటి, అన్నీ రాసుకుంటాడు. రెండోది నంబరు ప్లేటు. ఎవరైనా బండి పూర్తయ్యాక నంబరు రాస్తారు. ఈయన ముందు నంబరు రాస్తాడు. గోరంత రేకు ముక్కకు తెల్ల రంగు వేసి, మేక చెవి వెంట్రుకలు మూడు కట్టిన కుంచెతో నల్లటి అంకెలు దిద్ది, పిన్నుకు గుచ్చి వంటింటి కిటికీలో ఆరబెడతాడు. మిగతా రేకు కోసేది ఆ తరువాతే. "పేరు పెట్టినంక బిడ్డను సాదకుంట ఉంటమా?" అని ఆయన వాదన.

ఆ వెంట్రుకలు తెచ్చిచ్చేది హాతీరాం. పక్క తండాలో మేకలు కాసే పెద్దాయన. నెలకోసారి గుడ్డ ముక్కలో కట్టి తెచ్చేవాడు, ఒక చాయ్ తాగి, కొత్త బండి చూసి నవ్వి వెళ్లేవాడు. పదిహేను రోజుల కిందట, మంగళవారం పొద్దున, వాన వెలిసిన కాసేపటికి, షెడ్డుకు కిలోమీటరు అవతల మలుపులో ఆయన్ని ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. దవాఖానాకు చేర్చేలోపే ప్రాణం పోయింది. ఏ బండో చూసినవాళ్లు లేరన్నారు.

అప్పటి నుంచి మోయిజ్ రేకు ముట్టలేదు. కిటికీలో ఒక నంబరు ప్లేటు మాత్రం పిన్నుకు అలాగే ఉంది. "ఇది ఏం బండిది అబ్బా?" అని మెహర్ తండ్రిని అడిగితే, "చూద్దాం లే" అని మాట మార్చాడు.

ఇట్లా ఉండగా మెహర్ ఒక ఘనకార్యం చేసింది. అబ్బా చేసిన బండ్లన్నిటినీ ఫోన్‌తో వీడియో తీసి నెట్‌లో పెట్టింది. అందులో అందరినీ ఆకట్టుకున్నది ముప్పై ఒకటోది, మందుపాతరలను తట్టుకునే పోలీసు బండి. అది ఒకసారి పక్కన పంక్చర్ షాపు దగ్గర అరగంట ఆగితే, మోయిజ్ చీపురు పుల్లతో దూరం నుంచే కొలిచి, వంగి చూసి, బోల్టులు లెక్కపెట్టి మరీ చేశాడు. వీడియోలో తనే చెప్పాడు కూడా: "దీని కింద భాగం పడవ లెక్క ఉంటది. గందుకే ఏం గాదు." పక్కనే నోటుబుక్కు పేజీలు గాలికి రెపరెపలాడుతున్నాయి. వారంలో నలభై వేల మంది చూశారు. మెహర్ సంబరపడింది. మోయిజ్ కూడా, పాపం, సంబరపడ్డాడు.

శుక్రవారం పొద్దున పదకొండింటికి ఫోన్ మోగింది.

"మోయిజ్ నువ్వేనా? స్టేషన్ నుంచి మాట్లాడుతున్న. నీ వీడియో చూసినం. మూడింటికి ఒకపారి రా. ఆ బండ్ల సంగతి మాట్లాడాలె."

అంతే. ఫోన్ పెట్టేశారు. మోయిజ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రైమర్ డబ్బా మీద కూర్చున్నాడు.

ఆయన భయాన్ని చూసి నవ్వడం తేలికే గాని, అది ఊరికే వచ్చింది కాదు. ఈ అడవి అంచున పెరిగినవాళ్లకు ఒకప్పుడు అటు నక్సలైట్లు, ఇటు పోలీసులు, రెండు వైపులా భయమే ఉండేది. మోయిజ్ ఏడేళ్లవాడిగా ఉన్నప్పుడు, ఎవరో వచ్చి తండ్రి జానీ మియా దుకాణంలో ఎర్ర రంగు డబ్బా ఒకటి కొనుక్కుపోయారు. మూడో రోజున కల్వర్టు మీద ఎర్ర అక్షరాలు కనిపించాయి. రంగు అమ్మిన పాపానికి జానీ మియాను పోలీసులు తీసుకుపోయి రెండు రోజులు కూర్చోబెట్టారు. కొట్టలేదన్నాడు. కానీ ఆ తరువాత బతికినన్నాళ్లూ దుకాణంలో ఎర్ర రంగు పెట్టలేదు. అది చూస్తూ పెరిగిన కొడుకు ఈయన.

షెడ్డు షట్టరు సగానికి దించి ఇంటికి వచ్చాడు. భార్య గుల్నాజ్ ముఖం చూడగానే పసిగట్టింది.

"ఏమైంది మెహర్ అబ్బా?"

"పోలీసు బండి చేసిన గదా. కింద ఎట్లుంటదో వీడియోల చెప్పిన. ఎవరి కోసం కొలిచినవ్ అంటరు. ఎవరికి ఇద్దామని రాసినవ్ అంటరు. ఏం జెప్పాలె?"

"ఆటకు చేసిన అని చెప్పు."

"ఈ బుక్కు చూసినంక ఆట అంటే నమ్ముతరా?"

నోటుబుక్కు తెరిచి చూపించాడు. మంగళవారం తొమ్మిదీ నలభై, అటవీ శాఖ జీపు, ముగ్గురు. గురువారం ఆరూ పది, పోలీసు బండి, భద్రాచలం వైపు. ఏ తప్పూ తెలియని మనిషి చదివినా ఎవరో మాటు వేసి రాసినట్టే ఉంది. గుల్నాజ్ చదివి, చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా ఆ ఇంటి కోడలే కదా, ఎర్ర రంగు కథ ఆమెకూ తెలుసు.

మోయిజ్ పెరట్లోకి నడిచి, నీళ్ల కాగు కింది పొయ్యిలో నోటుబుక్కు పెట్టాడు. అట్ట ముందు వంకరపోయింది, తరువాత అంటుకుంది. ఆరేళ్ల రాతలు పావుగంటలో బూడిదయ్యాయి. పోలీసు బండి రాతలు మొత్తం మూడు పేజీలే. చింపితే సరిపోయేది. బుక్కంతా ఎందుకు తగలబెట్టాడో ఆయన్ని ఆ పూట ఎవరూ అడగలేదు, తనను తానూ ప్రశ్నించుకోలేదు.

మూడింటికి మిఠాయి డబ్బాలో చిన్న పోలీసు బండి పెట్టుకుని స్టేషన్ మెట్లెక్కాడు. తప్పు ఒప్పుకుని దాన్ని అప్పగిస్తే వదిలేస్తారేమోనని ఆశ. లోపల గోడవార బల్ల మీద హాతీరాం భార్య బాలి కూర్చుని ఉంది. ఆమెను చూడగానే మోయిజ్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎస్ఐ డబ్బా తెరిచి, బండిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మస్తు చేసినవ్ భాయ్. మా డ్రైవర్‌కు చూపిస్తే సంబరపడతడు. సరే, నోటుబుక్కు తెచ్చినవా?"

"ఏ... ఏ బుక్కు సార్?"

"వీడియోల కనబడ్డది గదా. ఏ బండి ఎన్నింటికి పోయిందో రాస్తవంట. ఆ మంగళవారం పొద్దున తొమ్మిది నుంచి పది దాకా నీ షెడ్డు ముందు నుంచి ఏమేం పోయినయో చూడాలె. ఆ రోడ్డు మీద కెమెరాల్లేవు. ఈ అమ్మ పదిహేను రోజుల సంది తిరుగుతున్నది. నీ బుక్కే దిక్కు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఎవరూ తనను దొంగ అనలేదు. తనే వెళ్లి దొంగయ్యాడు.

"లేదు సార్. కాలిపోయింది."

"కాలిపోయిందా, కాల్చినవా?"

ఎస్ఐ కుర్చీలో వెనక్కి వాలాడు. బాలి మాత్రం లేచి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మోయిజ్ భాయ్, నీ కుంచెలకని వెంట్రుకలు కత్తిరించి గుడ్డల కట్టి పెట్టిండు. ఆ మంగళారం నీకు ఇద్దామనే బయలెల్లిండు, మర్చిపోయి ఇంట్ల పెట్టి పోయిండు. ఎప్పుడొచ్చి తీస్కపోతవ్?"

మోయిజ్ తల దించుకున్నాడు. తనకు తెలుసు. ఆ రోజు తొమ్మిదీ ఇరవైకి మలుపు వైపు నుంచి ఇసుక లారీ ఒకటి తన ముందు నుంచే పోయింది. ఎడమ లైటు అప్పుడే కొత్తగా పగిలినట్టుంది. మడ్‌గార్డు మీద ఎర్ర రంగు లేచి, కింద పాత ఆకుపచ్చ కనిపించింది. ఎర్ర కింద ఆకుపచ్చ! ఎంత బాగుందో అనుకుంటూ నంబరు రాసుకుని, ఇంటికి టిఫిన్‌కు పోయినప్పుడు ప్లేటు దిద్ది పిన్నుకు గుచ్చాడు. గంట తరువాత హాతీరాం వార్త వచ్చింది. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే ధైర్యం పదిహేను రోజులుగా చేయలేదు. ఆ లారీ ఎవరిదో, వాళ్ల జోలికి పోయినవాళ్లు ఏమయ్యారో రోడ్డంతా ఎరుక. పొద్దున పొయ్యిలో పెట్టింది పోలీసులకు భయపడి కాదు, ఆ పేజీకి భయపడి.

"సార్, అర్ధగంట. ఇంటికి పోయొస్త" అన్నాడు.

ఇంట్లో కిటికీ దగ్గరికి పోయి పిన్ను తీస్తుంటే గుల్నాజ్ అడ్డం వచ్చింది. విషయం విని చెయ్యి పట్టుకుంది. "వాళ్లు ఊరుకుంటరా? షెడ్డు ఉంచుతరా? మెహర్ రోజూ ఆ తోవలనే కాలేజీకి పోతది."

"నాకు భయం లేదనుకున్నవా? నాకూ భయమైతున్నది, గుల్నాజ్. బాగ భయమైతున్నది" అన్నాడు మోయిజ్. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చెయ్యి వదలడానికి చాలాసేపు పట్టింది. కానీ వదిలింది.

మళ్లీ స్టేషన్‌కు వచ్చి, ఎస్ఐ బల్ల మీద ఆ గోరంత రేకు ముక్క పెట్టాడు. ఎస్ఐ భూతద్దం తెప్పించి నంబరు చదివాడు. మోయిజ్ టైమూ, పగిలిన లైటూ, ఎర్ర కింద ఆకుపచ్చా అన్నీ చెప్పాడు. నోటుబుక్కు తనే కాల్చానని కూడా చెప్పాడు. బాలికి చదువు రాదు. ఆ చిన్న అంకెలను వేలితో తాకబోయి, చెరిగిపోతాయేమోనని ఆగింది. "మా మేక వెంట్రుకలతోనే రాసినవా భాయ్?" అని అడిగింది.

"అవ్, అక్కా."

రైటర్ వాంగ్మూలం రాసి, చదివి వినిపించి, సంతకం చెయ్యమని కాగితం ఇటు తిప్పాడు. బయట రోడ్డు మీద ఏదో బరువు లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. మోయిజ్ భుజాలు ముడుచుకుపోయాయి. గోరంత రేకు మీద పది అంకెలూ అక్షరాలూ వంకరపోకుండా దిద్దిన చేయి, అంత పెద్ద కాగితం మీద తన పేరు రాయడానికి మూడుసార్లు ఆగింది. అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. అయినా పేరు చివరిదాకా రాసి, పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టాడు.