సంతకం పైన రెండు లైన్లు

సైనిక కార్యాలయంలో హెడ్ క్లర్కు ముక్కుపొడుం పీల్చి, అదే వేళ్లతో ఉత్తరాల మార్జిన్లు స్కేలు పెట్టి కొలుస్తుంటాడు; టైపిస్టు ఆ కాగితాల్ని అంచులు పట్టుకుని తీసుకుంటుంది. చనిపోయిన సైనికుడి తల్లికి ఆమె టైపు చేసిన ఉత్తరాన్ని కూడా ఆయన వెనక్కి విసిరాడు. "సంతకం ఒక్కటే రెండో పేజీలో పడకూడదని రూలు. దాని పైన రెండు లైన్లైనా ఉండాలి." "ఆ అబ్బాయెవరో మనకి తెలియదు, ఇంకేం రాయనండీ?" "తెలియక్కర్లేదు. బంగారంలాంటివాడు, అందరికీ తలలో నాలుకలా ఉండేవాడు అని కొట్టు."

నెల తిరక్కుండా ఆ తల్లి ఉత్తరం పట్టుకుని వచ్చింది. "చివరి రెండు లైన్లే రోజూ చదివించుకుంటున్నాను. మావాణ్ణి అంత బాగా ఎరిగిన మహానుభావులెవరు బాబూ?" హెడ్ క్లర్కు పొడుం వేళ్లు చొక్కాకి తుడుచుకుని లేచాడు. గొంతు బొంగురు చేసుకుని, "నేనేనమ్మా" అన్నాడు.